గుడిని తరలిస్తాం, రైతు ఇంటిని నీళ్లకు వదిలేస్తాం

ఈ పోస్టు కాస్త పొడుగే ఉంటది. రాత్రి అన్నాలు తిన్నాక తీరిగ్గా చదువుకోండి. ఇవాళ ధరల గురించీ, పురుగుమందుల గురించీ రాయట్లేదు. ఇంగ్లండు దేశంలో ఆరొందల ఏళ్ల నాడు కట్టిన ఒక రైతు ఇంటి గురించి రాస్తున్నా. తెల్లోళ్ల ఇల్లు మనకెందుకు అంటారేమో. ఆ ఇంటికి వచ్చిన కష్టమే మన ఊళ్లకూ వచ్చింది, ఇప్పటికీ వస్తానే ఉంది. అక్కడ వాళ్లు ఏం చేశారు, ఇక్కడ మనం ఏం చేశాం అన్నదే నా మాట.

లండనుకి ఆగ్నేయంగా కెంట్ అనే జిల్లా ఉంది. అక్కడ చిడింగ్‌స్టోన్ అనే ఊరి దగ్గర, బౌ బీచ్ అనే చోట, 1960ల్లో మంచినీళ్ల కంపెనీ ఒకటి రిజర్వాయరు తలపెట్టింది. ఆ లోయలో పొలాలతో పాటు పాత రైతుల ఇళ్లు కూడా ముంపులోకి వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు బేలీఫ్. పేరు వింటే మనకు బిర్యానీ ఆకు గుర్తొస్తది. అది రాజు కోట కాదు, చర్చి కాదు, జమీందారు బంగళా కూడా కాదు. సేద్యం చేసుకుని బతికిన కుటుంబాలు తరతరాలుగా కాపురం ఉన్న ఇల్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1967లో, పక్క జిల్లా ససెక్స్‌లో రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఒక పెద్దమనిషి నలుగురిని పోగేసి ఒక మ్యూజియం మొదలుపెట్టాడు. కొత్త పట్నాలు కట్టేటప్పుడు పాత రైతుల ఇళ్లను పడగొట్టడం చూసి ఆయన మనసు కష్టపడింది. పడిపోక తప్పని పల్లె ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టాలని ఆయన ఆలోచన. దాని పేరు వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియం, సింగిల్‌టన్ అనే ఊళ్లో ఉంది. నీళ్ల కంపెనీ బేలీఫ్ ఇంటిని ఆ మ్యూజియానికి ఇచ్చేసింది. 1968, 69ల్లో ఇంటిని విప్పారు. దూలం దూలానికీ, వాసం వాసానికీ గుర్తులు పెట్టి, బొమ్మలు గీసుకుని, బండ్ల మీద సింగిల్‌టన్ తెచ్చారు. 1972 నాటికి ఇల్లు మళ్లీ లేచి నిలబడింది. దాని పాత చోటు మీద ఇప్పుడు నీళ్లున్నాయి.

ఇంత పెద్ద ఇంటిని విప్పి మళ్లీ కట్టడం ఎట్లా కుదిరింది అంటే, ఆ ఇంటి కట్టుబడే అట్లాంటిది. కాస్త వివరంగా చెప్తా. మనలో వడ్రంగం తెలిసినవాళ్లకి ఇది బాగా నచ్చుతది.

ఆ ఇల్లు మొత్తం ఓక్ అనే చెట్టు కలపతో కట్టింది. మనకు టేకు ఎట్లాగో వాళ్లకు ఓక్ అట్లా. అయితే మనం టేకుని ఆరబెట్టి వాడతాం, వాళ్లు ఓక్‌ని పచ్చిగానే వాడేవాళ్లు. ఎండితే అది ఇనుములా తయారయ్యి గొడ్డలికీ ఉలికీ లొంగదు. పచ్చి మానుని గొడ్డలితో చదును చేసి, ఒకదాని చివర నాలుకలాగా చెక్కి, ఇంకోదాంట్లో బెజ్జం తొలిచి, అందులో దూర్చి, అడ్డంగా కర్ర చీల బిగించేవాళ్లు. అస్థిపంజరం లాంటి ఆ చట్రంలో ఇనప మేకుతో పని లేదు. కాలం గడిచేకొద్దీ కలప ఆరి, మెలిదిరిగి, కీళ్లు ఇంకా బిగుసుకునేవి. అందుకే అట్లాంటి పాత ఇళ్లలో దూలాలు వంకరగా కనపడతాయి, కానీ ఇల్లు కదలదు.

ఇంకో తమాషా ఏంటంటే, చట్రాన్ని ముందు నేల మీద పడుకోబెట్టి అమర్చుకునేవాళ్లు. ఏ కీలు దేనికి అతకాలో రోమన్ అంకెల్లాగా గీతలు చెక్కేవాళ్లు. అన్నీ కుదిరాయని చూసుకున్నాక విప్పి, ఇల్లు కట్టే చోటికి మోసుకుపోయి నిలబెట్టేవాళ్లు. అంటే ఆ రకం ఇల్లు పుట్టినప్పుడే ఒకసారి అమర్చి విప్పిన ఇల్లు. ఐదొందల ఏళ్లు దాటాక మ్యూజియం వాళ్లు చేసింది కూడా ఆ పాత వడ్రంగి చేసిన పనే. చీలలు కొట్టేశారు, ఇల్లు విడిపోయింది. గుర్తులు చూసుకుని మళ్లీ బిగించారు.

గోడల సంగతి చెప్తే మీరు నవ్వుకుంటారు. చట్రం మధ్యలో ఉన్న ఖాళీల్లో కర్రలు నిలబెట్టి, సన్నటి బెత్తాలు అల్లి తడిక చేసేవాళ్లు. దాని మీద బంకమన్నులో గడ్డి తుంపులు, పశువుల పేడ కలిపి తొక్కి రెండువైపులా మెత్తేవాళ్లు. మన అమ్మమ్మల కాలంలో తడిక గోడ ఎట్లా కట్టారో అచ్చం అట్లాగే. ఇంగ్లీషు పుస్తకాల్లో అది చరిత్ర. మన ఊళ్లో అదే గోడ కనపడితే పేదరికం అంటాం.

ఇప్పుడు ఇంట్లోకి పోదాం. మనం ఇంటిని అంకణాల్లో లెక్కపెట్టినట్టే వాళ్లూ స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉన్న ఎడంతో లెక్కపెడతారు. బేలీఫ్ నాలుగు అంకణాల ఇల్లు. మధ్యలో రెండు అంకణాలు కలిపి ఒకటే పెద్ద సావిడి. దానికి అటక లేదు, పైన మేడ లేదు. నేల మీద నిలబడి తలెత్తితే కప్పు దాకా ఖాళీయే. సావిడి మధ్యలో నేల మీదే మంట. పొగగొట్టం లేదు. పొగ పైకి పోయి పెంకుల సందుల్లోంచి, కప్పు కొసల్లో వదిలిన చిన్న కంతల్లోంచి బయటకి పోయేది. వాసాలన్నీ మసిపట్టి నల్లగా అయిపోయేవి. ఇప్పుడు ఇంగ్లండులో ఏ పాత ఇంట్లో అయినా అటక మీదకెక్కి చూసి, వాసాలకి మసి ఉంటే, ఒకప్పుడు ఇది పొగగొట్టం లేని సావిడి అని చెప్పేస్తారు. మసి కూడా సాక్ష్యమే అన్నమాట.

మన పూరింట్లో నిట్రాడు నేలలోంచి లేచి కప్పుని మోస్తది. అక్కడ అట్లా కాదు. గోడ నుంచి గోడకి ఒక పెద్ద అడ్డదూలం వేసి, దాని నడుమ మీద ఒక పొట్టి స్తంభం నిలబెట్టి, దాని మీద కప్పు బరువు వేశారు. అందువల్ల సావిడి మధ్యలో స్తంభం అడ్డం లేదు. మంట చుట్టూ నలుగురు కూచోవచ్చు, బల్లలు వేసుకోవచ్చు. కిటికీలకు అద్దాలు లేవు. నిలువుగా చెక్క ఊచలు, చలిగాలి వస్తే వేసుకోడానికి చెక్క తలుపులు, అంతే.

సావిడికి ఒక చివర ఎదురెదురుగా రెండు తలుపులు, మధ్యలో నడవా. మన ఇళ్లలో వీధి తలుపుకి ఎదురుగా దొడ్డి తలుపు ఉన్నట్టు. నడవా అవతల రెండు గదులు. ఒకటి రొట్టె, పిండి లాంటివి పెట్టుకునే గది, దాన్ని ప్యాంట్రీ అంటారు. రెండోది బటరీ. పేరు చూసి వెన్న గది అనుకునేరు, కాదు. అది పీపాల గది. బార్లీతో ఇంట్లో ఆడవాళ్లే కాచే పల్చటి బీరు అందులో పెట్టేవాళ్లు. పిల్లలతో సహా అందరికీ అదే రోజువారీ తాగుడు.

సావిడికి రెండో చివర ఇంటి యజమాని కుటుంబం గది. దాని పైన మేడ గది. ఆ మేడ గదికి ఆనుకుని బయటకి పొడుచుకొచ్చిన చిన్న మరుగుదొడ్డి కూడా ఉంది. సావిడిలో ఎవరు ఎక్కడ కూచోవాలో కూడా లెక్కే. యజమాని బల్ల తన గది వైపు, వెలుతురు బాగా వచ్చే కొసన. పాలేర్లు, పనిపిల్లలు నడవా వైపు. ఒకే కప్పు కింద, ఒకే మంట దగ్గర, ఒకే కుండలో తిన్నా ఎవరి చోటు వాళ్లదే. ఇల్లు చూస్తే మనుషుల మధ్య ఎచ్చుతగ్గులు కూడా తెలిసిపోతాయి. మన పాత లోగిళ్లలో కూడా పంచ దాటి ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు రాకూడదు అన్నది ఆ ఇంటి కట్టుబడిలోనే ఉంది గదా.

బయట నుంచి చూస్తే రెండు కొసల మేడ గదులు ముందుకు పొడుచుకొచ్చి, మధ్య సావిడి లోపలికి ఉన్నట్టు ఉంటది. కానీ పైన కప్పు మాత్రం అంతా ఒకటే. సావిడి ముందు చూరు గాల్లో ఉన్నట్టుంటే, దానికి వంపు తిరిగిన కర్రలు ఆసరా ఇస్తాయి. ఈ రకం ఇళ్లు కెంట్, ససెక్స్ వైపు వీల్డ్ అనే బంకమట్టి, ఓక్ అడవుల ప్రాంతంలో బాగా కట్టారు. అందుకే వీటిని వీల్డెన్ ఇళ్లు అంటారు.

ఈ ఇల్లు ఏ ఏడాది కట్టారో ఎట్లా తెలిసింది? శాసనం ఏమీ లేదు. చెట్టే చెప్పింది. చెట్టు ఏడాదికో వలయం వేస్తది. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరువు ఏడు సన్నం. ఒక ప్రాంతంలో చెట్లన్నిటికీ వలయాల వరస ఇంచుమించు ఒకటే. పాత దూలంలోంచి సన్నటి ముక్క తీసి, ఆ వరసని తెలిసిన వరసతో పోలుస్తారు. చెట్టు కొట్టిన కాలం తేలిపోతది. పచ్చి మానే వాడారు కాబట్టి ఇల్లు కట్టిందీ అప్పుడే. అట్లా చూస్తే బేలీఫ్ సావిడి, దాని నడవా వైపు కొస 1405కీ 1430కీ మధ్య కట్టింది. యజమాని గది వైపు అంకణం 1509, 1510 ప్రాంతంలో వేసింది. అంటే వందేళ్ల తర్వాత వచ్చినవాళ్లు పాత ఇంటిని పడగొట్టలేదు, దానికి ఒక అంకణం తగిలించారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మామూలు రైతులకు ఇంత గట్టి ఇల్లు కట్టుకునే స్తోమత ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నది ఇంకో పెద్ద కథ. అంతకుముందు అక్కడి రైతుల్లో చాలామంది దొర చేతికింద కట్టుబడి మనుషులు. దొర పొలంలో వెట్టి చెయ్యాలి, దొర సెలవు లేకుండా ఊరు వదిలిపోకూడదు. అట్లాంటి రైతుని ఇంగ్లీషులో విలన్ అనేవాళ్లు. మన సినిమాల్లో విలన్ అనే మాట అక్కడిదే. పల్లెలో దొర పొలం చేసేవాడు అనే మాట కాస్తా పోనుపోను దుర్మార్గుడు అనే అర్థంలోకి వచ్చింది. రాసేవాళ్లు మనవాళ్లు కాకపోతే రైతు పేరు ఏ గతి పడుతుందో చూడండి.

1348, 49ల్లో ప్లేగు వచ్చింది. ఇంగ్లండు జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారు. పొలాలు మిగిలాయి, చేసేవాళ్లు లేరు. బతికినవాళ్లు కూలి ఎక్కువ అడిగారు. 1351లో ప్రభుత్వం చట్టం చేసి, ప్లేగుకు ముందున్న కూలే తీసుకోవాలని ఆంక్ష పెట్టింది. పని కావాల్సినవాడు ఎక్కువ ఇస్తానంటే ఆ చట్టం ఎన్నాళ్లు నిలుస్తది? ఆ పైన తలకింత అని పన్ను వేస్తే 1381లో కెంట్, ఎసెక్స్ జిల్లాల రైతులూ కూలీలూ తిరగబడి లండను మీదకి పోయారు. వాట్ టైలర్ వాళ్ల నాయకుడు. రాజుకి అప్పుడు 14 ఏళ్లు. వెట్టి ఎత్తేస్తానని మాటిచ్చాడు. టైలర్‌ని చంపేశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా మనుషుల కొరత వల్ల వెట్టి తర్వాతి తరాల్లో దానంతటదే ఊడిపోయింది. దొరలు పొలాలు కౌలుకిచ్చుకోక తప్పలేదు. ఎక్కువ పొలం చేతికొచ్చిన రైతులు నిలదొక్కుకుని గట్టి ఇళ్లు కట్టుకున్నారు. బేలీఫ్ కట్టింది ఆ తిరుగుబాటు జరిగిన ఇరవై అయిదు, యాభై ఏళ్ల లోపే, ఆ కెంట్ జిల్లాలోనే.

కెంట్‌లో ఇంకో ఆచారం కూడా ఉండేది. ఇంగ్లండులో చాలాచోట్ల భూమి పెద్దకొడుక్కే పోతది. కెంట్‌లో మాత్రం మనలాగా అన్నదమ్ములకి సమాన వాటాలు. భర్త పోతే, మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలం భార్యకి సగం భూమి అనుభవించే హక్కు. ఆ పద్ధతి 1925 చట్టాల దాకా నడిచింది. అన్నదమ్ముల పంపకాలు జరిగినా వాళ్ల పాత ఇళ్లు వందలకొద్దీ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మన దగ్గర పంపకం అనగానే ముందు కూలేది ఉమ్మడి లోగిలి. మధ్యలో గోడ కడతాం, తర్వాత ఒకడు తన సగం పడగొడతాడు, మిగతా సగం వానకి నాని అదే పడిపోతది.

అట్లాగని ఇంగ్లండు రైతులు పొగలోనే మగ్గుతూ కూచోలేదు. తర్వాతి కాలంలో డబ్బు చేతికొచ్చినకొద్దీ ఇటుక పొగగొట్టం కట్టారు, సావిడి మీద మేడ వేశారు, కిటికీలకి అద్దాలు పెట్టారు. విలియం హారిసన్ అనే పల్లెటూరి పాదిరి 1577లో రాసిన పుస్తకంలో, తన ఊరి ముసలివాళ్లు తమ కళ్ల ముందే మారాయని చెప్పిన మూడు సంగతులు రాశాడు. పొగగొట్టాలు పెరగడం, గడ్డి పరుపూ కట్టె దిండూ పోయి మంచి పక్కలు రావడం, కొయ్య పళ్లాలు పోయి లోహపు పళ్లాలు రావడం. అదీ చరిత్ర అంటే. రాజుల యుద్ధాలు కాదు, తలకింద కట్టె పోయి దిండు రావడం. 1662లో ప్రభుత్వం పొయ్యికింత అని పన్ను కూడా వేసింది, పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. సుఖం వచ్చిన చోటికి పన్ను వస్తదని ఏ దేశం రైతుకైనా తెలిసిందే.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నిలబడ్డవి కలిగిన రైతుల ఇళ్లే. కూలోడి గుడిసెలు అట్లా మిగలడం చాలా అరుదు. ఆ మ్యూజియంలోనే హ్యాంగిల్‌టన్ అనే పాడుబడ్డ ఊరి నుంచి ఒక చిన్న రెండు గదుల ఇల్లు ఉంది. ఆ ఊళ్లో తవ్వితే దొరికింది గోడల అడుగుభాగం, పొయ్యిల జాడ మాత్రమే. పైన కప్పు ఎట్లా ఉండేదో ఆధారాలతో ఊహించి కట్టారు. బేలీఫ్‌కి దూలాలు మాట్లాడాయి. పేదవాడి ఇంటికి మట్టిలో మిగిలిన రాళ్లే దిక్కు. ఎవరూ రాసిపెట్టకపోతే పేదవాడి ఇల్లు ఊహ కిందే మిగులుతది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. వాళ్ల మ్యూజియం మొదలైన 1967లోనే మన నాగార్జునసాగర్ నీళ్లు కాలవలకు వదిలారు. ఆ నీళ్లతో లక్షల ఎకరాలు పండాయి, పండుతున్నాయి. ప్రాజెక్టులు వద్దని నేను అనట్లేదు. నీళ్లు లేని రైతు బతుకు ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాగర్ కట్టకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు చేసి, బౌద్ధుల కట్టడాలను కొండ మీదకీ, అనుపుకీ తరలించి కట్టారు. గొప్ప పని. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. అదీ గొప్ప పనే. అంటే విప్పి కట్టే విద్య మనకు లేక కాదు. బేలీఫ్‌కి చేసిందే మనమూ చేశాం.

కానీ ఆ నీళ్ల కింద ఊళ్లకు ఊళ్లు పోయాయి. మిద్దెలు, పెంకుటిళ్లు, చావిళ్లు, గాదెలు, గొడ్ల కొష్టాలు, కుమ్మరి ఇల్లు, కూలీల గుడిసెలు. వాటిల్లో ఒక్క రైతు ఇంటినైనా అట్లా నంబర్లేసి తరలించారని నేనెక్కడా వినలేదు. తరలించడం దాకా ఎందుకు, ఈ ఇల్లు ఇట్లా ఉండేది అని బొమ్మ గీసి పెట్టుకున్న ఊరైనా ఎన్ని ఉంటాయి? దేవుడికి కొత్త చోటు దొరికింది. దేవుడికి నైవేద్యం పెట్టినవాడి ఇంటి గుర్తు లేకుండా పోయింది. పరిహారం కోసం అధికారులు వచ్చి ఇల్లు కొలుస్తారు, ఎన్ని చదరపు అడుగులు, పెంకా రేకా, మట్టి గోడా ఇటుక గోడా అని. ఆ కొలత డబ్బు లెక్కకి పనికొస్తది, ఫైల్లో కట్టేస్తారు. ఇప్పుడు పోలవరం కింద కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం వైపు ఊళ్లదీ అదే వరస. గిరిజనుల ఇళ్ల కట్టుబడి మనకన్నా వేరు, కర్ర వేరు, కప్పు వేరు. అవి పోతే మళ్లీ నేర్పేవాళ్లు ఉండరు.

నీళ్ల సంగతి అట్లా ఉంచండి. ముంపు లేని ఊళ్లలో మనమే మన చేత్తో ముంచుతున్నాం. పొక్లెయిను వస్తది, ఒక పూటలో వందేళ్ల ఇల్లు నేలమట్టం. టేకు దూలాలు, చెక్కిన గుమ్మాలు పట్నం వ్యాపారికి పోతాయి. ఆయన వాటిని హోటళ్లకీ, పెద్దోళ్ల గెస్టుహౌసులకీ అమ్ముకుంటాడు. మన తాత గుమ్మం అక్కడ అందంగా ఉంటది, మన ఇంట్లో పాతబడిపోయింది.

కొందరు అడుగుతారు, కారే ఇంట్లో, చెదలు పట్టిన ఇంట్లో నువ్వుంటావా అని. న్యాయమైన ప్రశ్నే. ఎవరూ ఉండక్కర్లేదు. బేలీఫ్ వాళ్లు కూడా వందేళ్లకి అంకణం పెంచుకున్నారు. ఇల్లు మారాలి, మారుద్ది. పిల్లలకి మంచి గది, ఆడవాళ్లకి పొగలేని వంట, మరుగుదొడ్డి కావాల్సిందే. నేననేది రెండే. గట్టిగా ఉన్నదాన్ని పడగొట్టకముందు బాగుచేసుకోవచ్చేమో ఒకసారి మంచి మేస్త్రీని అడగండి. పడగొట్టక తప్పదంటే, పడగొట్టకముందు రాసిపెట్టండి.

ఇంకొందరు, వాళ్లది డబ్బున్న దేశం అంటారు. ఆ మ్యూజియం మొదలుపెట్టింది ప్రభుత్వం కాదని పైనే చెప్పా. ఇంకోటి వినండి. ఇంగ్లండులో నేషనల్ ట్రస్ట్ అనే పెద్ద సంస్థ ఉంది, ఇప్పుడు దాని చేతిలో ఎన్నో కోటలు, బంగళాలు ఉన్నాయి. 1895లో పెట్టిన ఆ సంస్థ 1896లో మొట్టమొదట కొన్న కట్టడం కోట కాదు, ఆల్ఫ్రిస్టన్ అనే ఊళ్లో పాడుబడ్డ ఒక గడ్డి కప్పు ఇల్లు. అదీ బేలీఫ్ రకం ఇల్లే. ధర పది పౌండ్లు. ఆ ఇంటి నేల సుద్దరాయి పొడి దిమ్మిస కొట్టి, పులిసిన మజ్జిగ లాంటి పాలు పోసి గట్టిపరిచింది. మనం పేడతో అలుకుతాం, వాళ్లు పులిసిన పాలు పోశారు. పది పౌండ్లతో మొదలైన ఆలోచన చట్టం దాకా పోయింది. ఇప్పుడు అక్కడ 1700కి ముందు కట్టి, పాత రూపం చాలావరకు మిగిలిన ఇళ్లను ప్రభుత్వ జాబితాలో ఎక్కిస్తారు. అనుమతి లేకుండా సొంతదారు కూడా పడగొట్టకూడదు.

మన దక్షిణాదిలో కూడా ఇట్లాంటిది ఒకటుంది. మద్రాసు దగ్గర ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్ర. పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టి చూపిస్తారు, మన తెలుగువాళ్ల చేనేత ఇల్లు కూడా అక్కడ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో పాత జిల్లాకి ఒకటి చొప్పున అట్లాంటిది ఎందుకు ఉండకూడదు? పల్నాడు రాతి ఇల్లు, సీమ మట్టి మిద్దె, గోదావరి మండువా లోగిలి, ఉత్తరాంధ్ర చుట్టిల్లు, తెలంగాణ గూన పెంకుటిల్లు, వాటి పక్కన కూలీల గుడిసె. భూసేకరణకి 2013లో వచ్చిన చట్టంలో జనం మీద ప్రాజెక్టు ప్రభావం ఎంతో అంచనా వెయ్యాలని ఉంది. ఆ అంచనాలోనే ఊళ్లో ఇళ్ల కట్టుబడిని బొమ్మలతో, ఫోటోలతో నమోదు చెయ్యాలని మనం అడగాలి. ఒక నకలు కొత్త కాలనీ బళ్లోనో, గ్రంథాలయంలోనో పెట్టాలని అడగాలి.

ప్రభుత్వం చేసేలోపు మనం చెయ్యగలిగినవి ఇవి. ఖర్చు లేదు, ఒక ఆదివారం చాలు.

1. టేపు పట్టి ఇల్లు కొలవండి. ఎన్ని అంకణాలు, గోడ మందం ఎంత, గుమ్మం ఎత్తు ఎంత. నోటుబుక్కులో గీసుకోండి. ఇంటర్ చదివే పిల్లలు చక్కగా గీస్తారు.

2. ఫోనుతో ఫోటోలు తియ్యండి. ముందు వైపే కాదు, కప్పు లోపలి వైపు, దూలం గోడలోకి దిగే చోటు, పొయ్యి, గాదె, కొష్టం, పొగచూరిన వాసాలు కూడా.

3. ఇంట్లో ముసలివాళ్లని కూచోబెట్టి వీడియో తియ్యండి. ఏ భాగాన్ని ఏమంటారు, కలప ఎక్కణ్ణుంచి వచ్చింది, వడ్రంగి ఏ ఊరివాడు, పెంకులు ఎవరు కాల్చారు, ఎన్నో తరంలో ఏ గది వేశారు. ఈ మాటలు వాళ్లతోనే పోతాయి.

4. గుమ్మం మీద చెక్కిన సంవత్సరం, పాత దస్తావేజులు ఉంటే ఫోటో తీసి భద్రం చెయ్యండి.

5. మీ ఇంటితో ఆగొద్దు. ఊళ్లో మిగిలిన పూరిళ్లు, కూలీల ఇళ్లు ముందు తియ్యండి. ముందు పోయేవి అవే.

మీ పిల్లలు ఎవరైనా ఇంగ్లండులో చదువుకుంటానో, ఉద్యోగం చేసుకుంటానో ఉంటే, లండను బ్రిడ్జి దగ్గర ఫోటో దిగాక ఒకరోజు సింగిల్‌టన్ పోయి రమ్మనండి. బేలీఫ్ ఇంట్లో 1540 ప్రాంతంలో ఒక రైతు కుటుంబం ఎట్లా బతికిందో అట్లా బల్లలు, మంచాలు, గిన్నెలు పెట్టి చూపిస్తారు. సావిడిలో నేల మీద మంట వేసే చోటు చూపిస్తారు. చూశాక వాళ్లని ఒక్క మాట అడగండి, మన తాత ఇల్లు ఎట్లా ఉండేదో నీకు గుర్తుందా అని.

వరి, పత్తి, మిరప ఎంత పండించామో ప్రభుత్వం లెక్క రాస్తది. ఎట్లాంటి ఇంట్లో ఉండి పండించామో మనమే రాసుకోవాలి. మీ ఊళ్లో ఇంకా నిలబడి ఉన్న పాత ఇల్లు ఏదైనా ఉంటే ఫోటో కింద కామెంట్లో పెట్టండి, ఊరి పేరు, ఎన్ని అంకణాలు, ఇంటి భాగాలకి మీ వైపు వాడే పేర్లు కూడా రాయండి. వచ్చినవన్నీ జిల్లాలవారీగా ఒకచోట చేర్చి ఇక్కడే మళ్లీ పెడతా. ఈ పోస్టు నచ్చితే మీ ఊరి వాట్సాప్ గ్రూపుకి పంపండి. ముఖ్యంగా ఈ ఎండాకాలం ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలనుకుంటున్నవాళ్లకి పంపండి.

ఉంటాను.